26 వేల రికార్డులు, ఒక కొత్త శాస్త్రం: సోషియాలజీ ఎలా పుట్టింది

1890ల మధ్యలో, పాతికేళ్లు కూడా నిండని ఒక ఫ్రెంచి యువకుడు సుమారు 26,000 ఆత్మహత్యల రికార్డుల్ని ముందేసుకుని కూర్చున్నాడు. ఒక్కో రికార్డు తీయడం, చనిపోయింది ఆడా మగా, వయసెంత, పెళ్లయిందా లేదా, పిల్లలున్నారా అని చూడటం, దాన్ని తగిన వరుసలో పెట్టడం. ఇదే పని. ఆ మనిషి ఎందుకు ప్రాణం తీసుకున్నాడన్న కథ అతనికి అక్కర్లేదు. ఆ కథను పక్కన పెట్టి చూడటమే ఆ పనిలో అసలు కిటుకు.

ఆ యువకుడి పేరు మార్సెల్ మాస్. పని అప్పజెప్పింది అతని మేనమామ, సమాజశాస్త్రవేత్త ఎమిల్ డర్క్‌హైమ్. రికార్డులు ఫ్రాన్స్ న్యాయశాఖవి. అక్కడ గణాంకాల విభాగాన్ని చూస్తున్న గాబ్రియెల్ టార్డ్‌కూ డర్క్‌హైమ్‌కూ సిద్ధాంతాల్లో ఉప్పూ నిప్పూ. మనుషులు ఒకరినొకరు అనుకరించడం వల్లే సమాజం ఏర్పడుతుందని టార్డ్ అంటే, అది ముమ్మాటికీ తప్పని డర్క్‌హైమ్ వాదన. అయినా టార్డ్ ఆ రికార్డులు చూడనిచ్చాడు. 1897లో ఆత్మహత్యపై డర్క్‌హైమ్ పుస్తకం వచ్చింది. ముందుమాటలో మేనల్లుడి చాకిరీని పేరు పెట్టి చెప్పాడు.

సమాజశాస్త్రం (సోషియాలజీ) ఎప్పుడు పుట్టిందని అడిగితే మాత్రం ఎవరూ ఈ గదికి తీసుకెళ్లరు. పోటీ పరీక్షల గైడు ఏది తెరిచినా ఒకటే బిట్టు: సమాజశాస్త్ర పితామహుడు ఎవరు? ఆగస్ట్ కామ్టే. మార్కు పడిపోతుంది. ఆ జవాబు తప్పు కాదు గానీ, అది పేరు పెట్టిన మనిషిని మాత్రమే చెబుతుంది. ఒక శాస్త్రం నిలబడాలంటే పేరు చాలదు. దానికంటూ ఒక ప్రశ్న ఉండాలి, ఆ ప్రశ్నను తేల్చుకునే పద్ధతి ఉండాలి, ఆ పద్ధతిని తర్వాతివాళ్లకు నేర్పే చోటు ఉండాలి. సోషియాలజీకి ఈ మూడూ ఒకేసారి రాలేదు, ఒకే మనిషి దగ్గరా రాలేదు.

(మన దగ్గర ఇంకో తికమక ఉంది. స్కూల్లో ‘సోషల్’ అని చదివే సాంఘిక శాస్త్రం వేరు. అది చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం కలగలిపిన సబ్జెక్టు. ఇక్కడ మాట్లాడుతున్న సమాజశాస్త్రం కాలేజీకి వెళ్తేగాని చాలామందికి ఎదురుపడదు.)

సమాజం గురించి ఆలోచించడం 19వ శతాబ్దంలో మొదలు కాలేదు. ఆ మాటకొస్తే 1332లో ట్యునిస్‌లో పుట్టిన ఇబ్న్ ఖల్దూన్ రాసింది ఇప్పుడు చదివినా ఆశ్చర్యం వేస్తుంది. 1377లో, ఇప్పటి అల్జీరియాలో ఉన్న ఒక కోటలో కూర్చుని, రాజవంశాలు ఎందుకు లేస్తాయి, ఎందుకు కూలతాయి అని అడిగాడు. ఎడారిలో కష్టపడి బతికే తెగల్లో ‘అసబియ్య’ ఉంటుందన్నాడు. అంటే మనమంతా ఒకటి అనే గట్టి కట్టుబాటు. దాని బలంతో వాళ్లు నగరాన్ని గెలుస్తారు. నగర సుఖాలకు అలవాటు పడ్డాక మూడు నాలుగు తరాల్లో ఆ కట్టు వదులవుతుంది. అప్పుడు ఇంకో తెగ వస్తుంది. రాజు మంచివాడా చెడ్డవాడా అన్న లెక్క కాకుండా, గుంపుకు గుంపుగా ఏం జరుగుతోందని చూసిన చూపు అది. మన కౌటిల్యుడి అర్థశాస్త్రం లాంటి గ్రంథాల తీరు వేరు. రాజ్యాన్ని ఎలా నడపాలన్నది వాటి ప్రశ్న. ఇబ్న్ ఖల్దూన్ ప్రశ్న, రాజ్యం దానంతట అది ఎలా నడుస్తుందన్నది.

అంత పని చేసినా ఆయన్ని ఈ శాస్త్రానికి మూలపురుషుడు అనడం కష్టమే. ఆయన ప్రశ్నను పట్టుకుని పద్ధతిగా ముందుకు తీసుకెళ్లే విద్యాసంప్రదాయం ఏర్పడలేదు. ఆయన గ్రంథం పూర్తి ఫ్రెంచి అనువాదం 1860ల్లోగానీ రాలేదు. అప్పటికి యూరప్‌లో సోషియాలజీ తనదారిన తాను బయల్దేరింది. గొప్పతనం వేరు, వారసత్వం వేరు.

యూరప్‌లో ఆ అవసరం ఎందుకొచ్చింది? రెండు దెబ్బలు పక్కపక్కన తగిలాయి. 1789లో ఫ్రాన్స్‌లో రాచరికం కదిలింది. రెండేళ్లు తిరిగేసరికి చేతివృత్తుల సంఘాల్ని చట్టం చేసి రద్దు చేశారు. వడ్రంగికీ, నేతగాడికీ తరతరాలుగా ఉన్న ఆసరా కాగితం మీద ఒక్క సంతకంతో పోయింది. చర్చి ఆస్తులు ప్రభుత్వం తీసేసుకుంది. రాజు లేడు, వృత్తి సంఘం లేదు, చర్చి మాట చెల్లదు. అయినా మర్నాడు పొద్దున రొట్టెల కొట్టు తెరుచుకుంది, జనం పనులకు వెళ్లారు. మరి వీళ్లందర్నీ కలిపి ఉంచుతున్నది ఏమిటి? కంచు కాగడా పెట్టి వెతికినా పాత పుస్తకాల్లో దీనికి జవాబు లేదు.

రెండో దెబ్బ ఇంగ్లండ్ మిల్లులది. మాంచెస్టర్ జనాభా 1801లో 70, 80 వేల మధ్య ఉండేది. 1851కి మూడు లక్షలు దాటింది. అక్కడ మరమగ్గాల మీద తయారైన బట్టే ఓడలెక్కి వచ్చి మన చేనేత కుటుంబాల కడుపు కొట్టింది. ఆ ఊరికి 1842 చివర్లో తండ్రికి వాటా ఉన్న నూలు మిల్లులో పని నేర్చుకోవడానికి జర్మనీ నుంచి ఫ్రెడరిక్ ఎంగెల్స్ వచ్చాడు. పగలు ఆఫీసు, తర్వాత కార్మికవాడల్లో తిరుగుడు. మేరీ బర్న్స్ అనే ఐరిష్ కార్మికురాలు ఆ వాడలు అతనికి పరిచయం చేసింది. ఊరి నిర్మాణంలో అతను గమనించిన ఒక విషయం గుర్తుపెట్టుకోదగ్గది. ఊరి నడిబొడ్డు నుంచి బయటికి పోయే పెద్ద రోడ్లకు రెండువైపులా దుకాణాలుంటాయి. వాటి వెనకే మురికివాడలు. మిల్లు యజమాని రోజూ బండిలో ఇంటికీ ఆఫీసుకీ తిరుగుతున్నా, ఆ దుకాణాల వరుస వల్ల వెనకున్న దరిద్రం అతని కంట పడదు. ఎవరో కూర్చుని పథకం వేసి కట్టింది కాదు. అయినా పథకం వేసినట్టే తయారైంది. ఏ ఒక్కరూ అనుకోకుండానే అందరూ కలిసి కట్టినట్టయ్యే ఇలాంటి సంగతుల్ని వివరించడమే సోషియాలజీ పని. తాను చూసిందంతా రాసిన పుస్తకం 1845లో వచ్చినప్పుడు ఎంగెల్స్ వయసు 24.

ఇక కామ్టే. 1798లో మోంపెలియేలో పుట్టాడు. 1817 నుంచి 1824 దాకా సాన్‌సిమోన్ అనే సోషలిస్టు ఆలోచనాపరుడి దగ్గర కార్యదర్శిగా ఉన్నాడు. తర్వాత గొడవపడి బయటికొచ్చాడు. 1826 ఏప్రిల్‌లో పారిస్‌లోని తన ఇంట్లోనే ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. విన్నవాళ్లలో భూగోళ శాస్త్రవేత్త హంబోల్ట్ లాంటి ఉద్దండులున్నారు. మూడు ఉపన్యాసాలయ్యాక మనసు చెదిరి ఆస్పత్రి పాలయ్యాడు. ఆ మరుసటేడు సేన్ నదిలో దూకాడు, ఎవరో కాపాడారు. 1829లో మళ్లీ మొదటి నుంచి ఉపన్యాసాలు చెప్పాడు. అవే 1830 నుంచి 1842 దాకా ఆరు సంపుటాలుగా వచ్చాయి. ఏ యూనివర్సిటీ ఆయనకు ప్రొఫెసర్ కుర్చీ ఇవ్వలేదు. ట్యూషన్లు చెబుతూ, పరీక్షకుడిగా పనిచేస్తూ ఇదంతా రాశాడు. ఆ పట్టుదలకు చేతులెత్తి దండం పెట్టాల్సిందే.

ఆయన చెప్పింది క్లుప్తంగా ఇది: మనిషి ఆలోచన మూడు దశలు దాటుతుంది. మొదట ప్రతిదానికీ దేవుణ్ని కారణంగా చూపిస్తాం. తర్వాత ‘ప్రకృతి’, ‘హక్కు’ లాంటి కంటికి కనపడని భావాల్ని చూపిస్తాం. చివరికి పరిశీలనతో తేలే నియమాల దగ్గరికి వస్తాం. ఖగోళం ముందు ఆ దశకు చేరింది, తర్వాత భౌతికశాస్త్రం, రసాయనం, జీవశాస్త్రం. మిగిలింది సమాజం. ఈ చివరి శాస్త్రానికి ఆయన మొదట పెట్టుకున్న పేరు ‘సామాజిక భౌతికశాస్త్రం’. అది వదిలేసి 1839లో వచ్చిన నాలుగో సంపుటంలో ‘సోషియాలజీ’ అన్నాడు. లాటిన్ ముక్కకు గ్రీకు ముక్క అతికించిన మాట. అనుకూలంగా ఉంది గానీ మొరటు మాటేనని తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ అన్నాడు. మాట మాత్రం నిలిచిపోయింది.

పేరు ఎందుకు మార్చాడన్నదే ఈ కథలో ముఖ్యం. ‘సామాజిక భౌతికశాస్త్రం’ అన్న పేరును ఇంకొకరు వాడేశారు. బెల్జియం ఖగోళ శాస్త్రవేత్త అడోల్ఫ్ కెట్లే 1835లో తన పుస్తకానికి ఆ మాట తగిలించాడు. కామ్టేకి అది నచ్చలేదు. సమాజాన్ని వట్టి లెక్కల్లోకి దించుతున్నారని ఆయన కోపం. ఆయన దారి చరిత్రను మొత్తంగా చూసి నియమాలు తీయడం. పైగా 1838 నుంచి, బుర్ర శుభ్రంగా ఉండాలని ఇతరుల రచనలు చదవడమే మానుకున్నాడు. ఏ ఊరూ తిరగలేదు, ఎవర్నీ ఏమీ అడగలేదు. శాస్త్రానికి ఇల్లు ఎక్కడ కట్టాలో స్థలం చూపించాడు, అంతే.

గోడలు లేచింది కెట్లే లాంటివాళ్ల దగ్గర. నక్షత్రాల స్థానాన్ని పదిసార్లు కొలిస్తే పది రకాలుగా వస్తుంది. ఆ తేడాలకూ ఒక క్రమం ఉంటుందని ఖగోళ శాస్త్రవేత్తలకు తెలుసు. కెట్లే ఆ లెక్కనే మనుషులకు వేశాడు. ఫ్రాన్స్ ప్రభుత్వం 1827 నుంచి ఏటా నేరాల లెక్కలు అచ్చు వేసేది. వాటిని వరసగా పెట్టి చూస్తే ఏడాదికేడాది హత్యల సంఖ్య పెద్దగా మారదు. ఏ ఆయుధంతో చంపారన్న లెక్క కూడా ఇంచుమించు అదే. హంతకులు మారుతున్నారు, చనిపోయేవాళ్లు మారుతున్నారు, కారణాలు మారుతున్నాయి. అంకె మాత్రం కదలదు. ఈ సంగతి చదివిన ఆనాటి జనానికి వెన్నులో చలి పుట్టి ఉంటుంది. ఎవరికి వాళ్లు తమ ఇష్టప్రకారం చేస్తున్నామనుకునే పనుల్లో ఇంత స్థిరమైన క్రమం ఎక్కడిది? కామ్టే చూపించిన ఖాళీ స్థలంలో పడ్డ మొదటి గట్టి ఇటుక ఈ ప్రశ్నే. కెట్లే దానికి సరైన జవాబు చెప్పలేకపోయాడు. ‘సగటు మనిషి’ అనే ఊహ దగ్గర ఆగిపోయాడు.

ఇదే కాలంలో ఇంగ్లండ్ రచయిత్రి హారియట్ మార్టినో రెండేళ్లు అమెరికా తిరిగింది. ఆమెకు చెవులు సరిగా వినపడవు, వినికిడి గొట్టం పెట్టుకుని మనుషులతో మాట్లాడేది. అందరూ సమానమని రాసుకున్న దేశంలో బానిసలు ఉండటం, ఆడవాళ్లకు ఓటు లేకపోవడం, ఈ రెంటినీ ఆ దేశం చెప్పుకునే విలువల పక్కన పెట్టి 1837లో పుస్తకం రాసింది. ఒక సమాజాన్ని చూడటానికి వెళ్లేవాళ్లు ఏం చూడాలి, ఎలా చూడాలి అని మరుసటేడే ఇంకో పుస్తకం. ఇదంతా ‘సోషియాలజీ’ అన్న మాట అచ్చులోకి రాకముందే. కామ్టే ఆరు సంపుటాల్ని 1853లో రెండింటికి కుదించి ఇంగ్లిష్‌లోకి తెచ్చిందీ ఆమే. ఆ కుదింపు ఎంత బాగుందంటే, దాన్ని మళ్లీ ఫ్రెంచిలోకి అనువదించారు. చాలాకాలం చరిత్ర ఆమెను అనువాదకురాలిగానే గుర్తుపెట్టుకుంది. ఇది అన్యాయం, ఇంకో మాట లేదు.

తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ ఇంగ్లండ్‌లో ‘సోషియాలజీ’ అన్న మాటకు విపరీతమైన ప్రచారం తెచ్చాడు. సమాజాన్ని ఒక శరీరంతో పోల్చాడు. పోటీలో బలమైనవాడే నిలుస్తాడన్న వాదం ఆయన పేరుతోనే పాకింది. కానీ ఆయన కట్టిన భవనంలో తర్వాతివాళ్లు ఎక్కువకాలం కాపురం చేయలేదు.

డర్క్‌హైమ్ దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి మారింది. దీనికి ఫ్రాన్స్ రాజకీయాలు కూడా కారణమే. 1870 యుద్ధంలో జర్మన్ల చేతిలో ఫ్రాన్స్ ఘోరంగా ఓడిపోయింది. కొత్త రిపబ్లిక్ వచ్చింది. 1880ల మొదట్లో ప్రభుత్వ బడుల నుంచి మతబోధ తీసేశారు. మరి పిల్లలకు మంచీ చెడూ దేని ఆధారంగా చెప్పాలి? దేవుడి మాటగా చెప్పకూడదు, రాజు మాటగా చెప్పడానికి రాజు లేడు. సమాజం మాటగా చెప్పాలి. అందుకు ముందు సమాజం అంటే ఏమిటో టీచర్లకు తెలియాలి. 1887లో బోర్డో యూనివర్సిటీలో డర్క్‌హైమ్‌కి ఇచ్చిన ఉద్యోగం బోధనాశాస్త్రంతో పాటు సామాజిక శాస్త్రం చెప్పడానికి. అంటే ఫ్రాన్స్‌లో సోషియాలజీ యూనివర్సిటీ గడప తొక్కింది టీచర్ ట్రైనింగ్ వెంట. 1906లో పారిస్‌లో ఆయనకు దక్కిన పదవి కూడా విద్యాశాస్త్రానిదే. ఆ పదవి పేరులో ‘సోషియాలజీ’ చేరేసరికి 1913 వచ్చింది.

యూదు మతగురువు (రబ్బీ) కొడుకైన డర్క్‌హైమ్ కెట్లే వదిలేసిన ప్రశ్నను పట్టుకున్నాడు. ఆత్మహత్య కంటే ఒంటరి పని ఇంకోటి లేదు. అందులో కూడా సమాజం కనపడిందంటే ఇక కాదనేవాళ్లుండరు. మాస్ వేరుచేసిన వరుసల్లోనూ, ఇతర దేశాల లెక్కల్లోనూ అదే కనిపించింది. కేథలిక్కుల కంటే ప్రొటెస్టెంట్లలో ఆత్మహత్యలు ఎక్కువ. పెళ్లయినవాళ్ల కంటే కానివాళ్లలో ఎక్కువ. యుద్ధం వచ్చినప్పుడు పెరగవు, తగ్గుతాయి. పిల్లలు లేని భార్యలకు పెళ్లి ఏ రక్షణా ఇవ్వడం లేదన్నది ఇంకా సూక్ష్మమైన విషయం. పిల్లల వివరం విడిగా తీయకపోతే ఇది బయటపడేదే కాదు. మనిషిని నలుగురితో కట్టి ఉంచే ముడి ఎంత బిగుతుగా ఉందన్నదాన్ని బట్టి ఈ అంకె పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ ముడి ఎవరి బుర్రలోనూ లేదు, మనుషుల మధ్య ఉంది. సమాజం అనేది మనుషుల మొత్తం కంటే వేరైన వాస్తవం అని ఆయన అన్నది ఇందుకే.

ఆ పద్ధతిలో లోటు కూడా అక్కడే ఉంది. రికార్డు రాసేది మనిషి. ఆత్మహత్యను మహాపాపంగా చూసే ఊళ్లో కుటుంబం పరువు కోసం దాన్ని ప్రమాదంగా రాయించవచ్చు. అప్పుడు కేథలిక్కుల అంకె తక్కువ కనపడటంలో ఆశ్చర్యమేముంది? ‘కడుపునొప్పి భరించలేక’ అన్న వాక్యం మన పత్రికల్లో ఎన్నిసార్లు చదివి ఉంటామో గుర్తు చేసుకుంటే ఈ అనుమానం ఎంత బలమైందో తెలుస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో పట్టా పాసుపుస్తకం లేని కౌలు రైతు పురుగుమందు తాగితే రైతు ఆత్మహత్యల లెక్కలోకి రావడానికి ఆ కుటుంబం ఎంత పోరాడాలో కూడా తెలిసిందే. అంకెను నమ్మేముందు దాన్ని ఎవరు రాశారో చూడాలన్న పాఠాన్ని సోషియాలజీ డర్క్‌హైమ్ నుంచి కాదు, ఆయన్ని విమర్శించినవాళ్ల నుంచి నేర్చుకుంది.

1898లో ఆయన మొదలుపెట్టిన పత్రిక చుట్టూ మంచి బృందం తయారైంది. మొదటి ప్రపంచ యుద్ధం ఆ బృందాన్ని చిదిమేసింది. 1915లో ఆ బృందంలోని రాబర్ట్ హెర్ట్జ్ యుద్ధంలో పోయాడు. అదే ఏడాది చివర్లో డర్క్‌హైమ్ కొడుకు ఆంద్రే కూడా. తండ్రి ఆ దుఃఖం నుంచి కోలుకోలేదు, 1917 నవంబరులో కన్నుమూశాడు.

జర్మనీలో దారి వేరు. మాక్స్ వెబర్ 1892లో దేశం తూర్పు ప్రాంతపు వ్యవసాయ కూలీల మీద పెద్ద సర్వే నివేదిక రాశాడు. ప్రశ్నలు మాత్రం వెళ్లింది కూలీలకు కాదు, భూస్వాములకు. ఆ లోపం వెబర్‌కి తెలుసు. అందుకే తర్వాతి సర్వేలో ఊళ్లలోని పాస్టర్లను అడిగారు. మనిషి తాను చేసే పనికి ఏ అర్థం ఇచ్చుకుంటున్నాడో పట్టించుకోకుండా సమాజాన్ని అర్థం చేసుకోలేమన్నది ఆయన పట్టు. బయటి నుంచి లెక్కపెట్టే డర్క్‌హైమ్, లోపలి నుంచి అర్థం చేసుకునే వెబర్: ఈ రెండు దారుల పంచాయితీ ఇప్పటికీ తెగలేదు.

అమెరికాలో 1892లో షికాగో యూనివర్సిటీ సోషియాలజీ శాఖ పెట్టింది, 1895లో పత్రిక తెచ్చింది. డబ్బు, భవనాలు, విద్యార్థులు అన్నీ అక్కడే. అదే ఊళ్లో పేదల మధ్య నివాసం ఉన్న హల్‌హౌస్ అనే సేవాకేంద్రం మహిళలు అదే 1895లో వలస కుటుంబాల జాతుల్నీ, కూలీనీ ఇల్లిల్లుగా రంగులేసి మ్యాపులు అచ్చేశారు. వాళ్లని సంఘసేవకులన్నారు, శాస్త్రవేత్తలనలేదు.

ఇంతకంటే బాధ కలిగించేది డుబాయిస్ విషయం. హార్వర్డ్‌లో డాక్టరేట్ పొందిన మొదటి నల్లజాతి పండితుడు. 1896లో ఫిలడెల్ఫియాలోని ఏడో వార్డులో నల్లవాళ్ల జీవితం మీద అధ్యయనం చేయమని పెన్సిల్వేనియా యూనివర్సిటీ పిలిచింది. ఏడాదికి 900 డాలర్లు. పాఠం చెప్పే పని ఇవ్వలేదు. కొత్తగా పెళ్లయిన భార్యతో ఆ వార్డులోనే ఒక భోజనశాల పైన ఒంటిగదిలో కాపురం పెట్టాడు. ఆరు రకాల ప్రశ్నపత్రాలు తయారుచేసుకున్నాడు: కుటుంబానికొకటి, మనిషికొకటి, ఇంటికొకటి, వీధికొకటి, సంస్థలకొకటి, ఇళ్లలో పనిచేసేవాళ్లకొకటి. తలుపు తలుపూ తట్టి, 9,600 మందికి పైగా జనం వివరాలు తానే రాసుకున్నాడు. ఊరి పెద్దలు ఎదురుచూసిన జవాబు, నల్లవాళ్లే సమస్య అని. ఆయన చూపించింది వేరు. ఉద్యోగాలు ఇవ్వకపోవడం, ఇల్లు అద్దె ఎక్కువ గుంజడం, సంఘాల్లో చేర్చుకోకపోవడం. వీటి ఫలితాన్నే జనం ‘వాళ్ల స్వభావం’ అనుకుంటున్నారు. 1899లో అచ్చయిన ఆ పుస్తకం పద్ధతిలో ఏ యూరప్ గ్రంథానికీ తీసిపోదు. సివిల్స్‌కి సోషియాలజీ ఆప్షనల్ తీసుకునేవాళ్లు మార్క్స్, డర్క్‌హైమ్, వెబర్ పేర్లు కంఠతా పడతారు. డుబాయిస్ పేరు ఆ సిలబస్ జాబితాలో ఉండదు.

మన దేశంలో ఈ శాస్త్రం యూనివర్సిటీ కంటే ముందు రిజిస్టరు రూపంలో వచ్చింది. 1871-72లో మొదటి జనాభా లెక్కలు. 1901లో కమిషనర్ రిస్లే కులాల్ని హెచ్చుతగ్గుల వరసలో పేర్చాలనుకున్నాడు. మా కులాన్ని కింద రాశారు, పైకి మార్చండని వినతిపత్రాలు వెల్లువెత్తాయి. ఉన్నదాన్ని రాసుకోవడానికి వచ్చిన రిజిస్టరు కొత్త తగువుల్ని కూడా సృష్టించింది. 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటికీ తిరిగి కులం అడిగినప్పుడు ఏ కాలమ్‌లో ఏం రాయిస్తారన్న టెన్షన్ చూసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు.

1916 మే 9న న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో ఒక సెమినార్‌లో పాతికేళ్ల అంబేడ్కర్ భారతదేశంలో కులాల పుట్టుక గురించి పేపర్ చదివారు. శరీర రంగు, వృత్తి, మడీ మైలా ఇవన్నీ కులానికి పైపై లక్షణాలని, కులంలోపలే పెళ్లి అన్న నియమమే దానికి ప్రాణమని తేల్చారు. ఆ నియమం నిలబడాలంటే కులంలో ఆడా మగా లెక్క సరిగా ఉండాలి, మరి భర్త పోయిన స్త్రీని, భార్య పోయిన మగవాణ్ని ఏం చేయాలి? సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం ఈ మూడూ ఆ లెక్క సరిచేయడానికి పుట్టినవేనని వాదించారు. ఒక వ్యవస్థ తన్ను తాను ఎలా కాపాడుకుంటుందో ఇంత సూటిగా చెప్పిన పేపర్ ఆ రోజుల్లో అరుదు. 1919లో బొంబాయి యూనివర్సిటీలో పాట్రిక్ గెడ్డెస్ సోషియాలజీ శాఖ మొదలుపెట్టాడు. 1924లో జి.ఎస్. ఘుర్యే దాని పగ్గాలు అందుకున్నారు. ఆయన శిష్యుల్లో ఎం.ఎన్. శ్రీనివాస్ ఒకరు.

హైదరాబాద్ వంతు 1951లో వచ్చింది. ఉస్మానియాలో పనిచేస్తున్న మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే, నగరానికి ఉత్తరాన ఉన్న షామీర్‌పేటను ఎంచుకున్నారు. వెళ్లింది ఒక్కరు కాదు. వైద్యం, వ్యవసాయం, పశువైద్యం చదివేవాళ్లు కూడా ఆ బృందంలో ఉన్నారు. ఎవరింట్లో ఎవరు ఏం తింటారు, ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగుతారు, అప్పు ఎక్కడ పుడుతుంది, కోడలు అత్తతో ఎలా వేగుతుంది అన్నవన్నీ రాసుకున్నారు. 1955లో అది లండన్‌లో ఇంగ్లిష్ పుస్తకంగా అచ్చయింది. ఒక తెలంగాణ పల్లె ప్రపంచమంతా చదివే పాఠంలోకి ఎక్కింది. ఇప్పుడు షామీర్‌పేట పక్క నుంచి ఔటర్ రింగ్ రోడ్డు పోతోంది, చుట్టూ వెంచర్లు, ఫార్మా కంపెనీలు. దూబే బృందం తట్టిన తలుపుల్ని అవే ప్రశ్నలతో ఇంకోసారి తట్టి, ఆ జవాబుల్ని ఈసారి తెలుగులో రాయాల్సి ఉంది.